ముడి మారిన డబ్బా

మూడు వారాలుగా పిల్లి వంటింట్లోకి ముందు ముక్కుని పంపించి, ఆ తర్వాతే కాలు పెడుతోంది.

పిల్లి అంటే పాలు తాగే పిల్లి కాదు, పద్నాలుగేళ్ళ ఆడపిల్ల. నడిస్తే చప్పుడు కాదు, మాట్లాడితే వినపడదు అని మేనమామ పెట్టిన పేరు. చెల్లెలికి ఐదేళ్ళు. పెన్సిలయినా, తలుపు గొళ్ళెమయినా, దొరికిందల్లా పళ్ళ మధ్య పెట్టుకుంటుంది కాబట్టి దానికి ఉడుత అని పేరు పెట్టాడు. "మా అక్క పిల్లల్ని కన్నదా, అడవిని కన్నదా?" అంటాడు వచ్చినప్పుడల్లా.

పిల్లి ముక్కు వెతికేది ఒకే ఒక్క వాసన. ఎర్ర చిక్కుడు గింజలు ఉడుకుతుంటే వచ్చే, తడిసిన మట్టిగోడ లాంటి వాసన. అది లేదని తేలాకే ఊపిరి వదిలేది. లేకపోయినా ఊరుకోకుండా రేపటికి అడ్డుకట్ట వేసేది.

"అమ్మా, రేపు బంగాళాదుంపలు చెయ్యవూ?"

"మొన్న అవే, నిన్న అవే. దుంపలతో ఏమైనా చుట్టరికం కలుపుకుంటున్నావా?" అనేది తల్లి. ఆమె కుట్టుపని కార్ఖానాలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. ఇంటికొచ్చేసరికి నడుము విరిగి, మాట కూడా కత్తిరించినట్టు వస్తుంది. తండ్రి లారీ మీద పోతే పదిహేను రోజులకోసారి ఇల్లు చూస్తాడు.

"ఏడాది మొత్తం మీద నాలుగు మాటలాడే పిల్ల వారంలో మూడుసార్లు కూర పేరు చెప్పింది. ఇంక వానలు ఎందుకు పడవు!" అని అమ్మమ్మ నవ్వేది. అమ్మమ్మకి పైన రెండు పళ్ళు, కింద మూడు మిగిలాయి. నవ్వితే అయిదూ కనపడతాయి.

వాన మాట వినగానే పిల్లి గుండె జారి మోకాళ్ళలోకి వచ్చేది. అసలు కొంపముంచింది వానే.

*

ఆ ఇంటి పెరటి గోడకి తాళ్ళు కట్టి అమ్మమ్మ చిక్కుడు తీగలు పాకిస్తుంది. పచ్చికాయ ఒక్కటి కూడా కోయనివ్వదు. కాయ కాగితంలా ఎండి, ఊపితే లోపల గింజ గలగలమనాలి. అన్నిటికంటే బలంగా పెరిగిన తీగల్లో అడుగు కాయలకి ముందుగానే ఎర్రగుడ్డ పేలికలు కట్టి పెడుతుంది. అవి విత్తనాలు. మిగతావి తిండికి. ముప్పయ్యేళ్ళుగా అదే వరస.

ఒలిచిన గింజల్ని నీడలో ఆరబెట్టి, చివరికి అమ్మమ్మ పన్ను పెట్టి చూస్తుంది. పంటి గాటు పడితే ఇంకా పచ్చి, పన్ను జారితే ఎండినట్టు. "ఈ అయిదు పళ్ళూ తినడానికి కాదే, గింజలు చూడటానికి మిగిలాయి" అంటుంది. అప్పుడు తిండి గింజలు పెద్ద బిస్కెట్ డబ్బాలోకి, విత్తనాలు చిన్న డబ్బాలోకి వెళ్తాయి. చిన్న డబ్బా మూతి మీద గుడ్డ కప్పి తాడు చుట్టి ముడి వేస్తుంది. ఆ ముడి అమ్మమ్మ తప్ప ఎవరూ విప్పకూడదు.

పోయినేడు పురుగు పడింది. డబ్బా తీస్తే గింజ గింజకీ సూది గుచ్చినట్టు చిల్లులు, అడుగున పిండి. గుప్పెడు విత్తనాలు మాత్రం మిగిలాయి. అది విని మేనమామ ఒక ప్యాకెట్ తెచ్చాడు. అతను విత్తనాలూ ఎరువులూ అమ్మే కొట్లో పని చేస్తాడు.

"చిటికెడు కలుపమ్మా. పురుగు ఆ చుట్టుపక్కలకి రాదు. తింటే మాత్రం మనిషి కూడా లేవడు, పిల్లలకి అందనియ్యకు" అన్నాడు. ప్యాకెట్ మీద పుర్రె బొమ్మ ఉంది. ఉడుత దాన్ని చూసి, "మావయ్యా, ఈయనకి పళ్ళు అమ్మమ్మ కంటే ఎక్కువ" అంది.

తర్వాత నెలలో వచ్చి అడిగాడు. "కలిపావా?"

"కలిపాన్లేరా" అంది అమ్మమ్మ, నీళ్ళు కాచే పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ.

ఆ మాట పిల్లి విన్నది.

మూడు వారాల కిందట, బడి లేని రోజు, పెద్ద డబ్బాని ఎండలో పెట్టమని అమ్మమ్మ చెప్పింది. "చిన్నదాని జోలికి పోకు" అని కూడా చెప్పింది. మోకాలి నొప్పితో అమ్మమ్మ డాబా ఎక్కలేదు. పిల్లి పాత దుప్పటి పరిచి పెద్ద డబ్బా గింజలు పోసింది. పోశాక, పోయినేటి పిండి గుర్తొచ్చింది. ఆ పిండిని దోసిట్లో పట్టుకుని అమ్మమ్మ చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్న సంగతి గుర్తొచ్చింది. విత్తనాలకి కూడా కాస్త ఎండ తగిలితే మంచిదే కదా అనుకుంది. చిన్న డబ్బా ముడి విప్పింది. గింజల మీద సన్నగా బూడిద రంగు పొడి ఉంది. మావయ్య మందు ఇదేనన్నమాట. చేతికి తువ్వాలు చుట్టుకుని, ఇంకో దుప్పటి మీద దూరంగా పోసింది.

గంట తిరక్కుండా గాలి లేచింది. చిన్న దుప్పటి ఒక పక్క నుంచి పైకెగిరి, పెద్దదాని మీద బోర్లా పడింది. గింజలన్నీ ఒకటైపోయాయి. వెంటనే టపటపా చినుకులు. పిల్లి మోకాళ్ళ మీద పాకుతూ అన్నిటినీ కలిపి ఒక్క మూటగా కట్టి మెట్లు దిగింది. చావిట్లో తువ్వాలుతో తుడిస్తే తడితో పాటు పొడి కూడా పోయింది. ఇప్పుడు ఏ గింజ చూసినా ఒకటే ఎరుపు, ఒకటే తెల్ల మచ్చ. ఒక్క తల్లి కన్న కవలల్లా ఉన్నాయి.

లోపల అమ్మమ్మ దగ్గింది. పిల్లి గబగబా రెండు డబ్బాల్లోకీ నింపేసి, చిన్న దానికి గుడ్డ కప్పి తాడు చుట్టి, తనకి వచ్చిన ముడి వేసింది.

"తడవలేదు కదే?" అని అడిగింది అమ్మమ్మ.

"లేదు" అంది పిల్లి. ఆ ఒక్క మాటతో తలుపు మూసుకుపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తెరవబోయినా నోరు పెగల్లేదు.

*

చిన్న డబ్బాతో పెద్ద డబ్బా నాలుగింతలు. అంటే అయిదు గింజల్లో ఒకటి. లెక్క తేలాక పిల్లికి అన్నం సహించలేదు. చేతులు కడిగిందే కడిగింది. వేళ్ళ చివరలు ముడతలు పడ్డాయి.

నాలుగు గింజలు పట్టుకెళ్ళి పక్కింటి కోడి ముందు వేసింది. కోడి పరుగెత్తుకుంటూ వచ్చింది. దాని కళ్ళు చూడగానే మనసొప్పక, మళ్ళీ తనే గింజలు లాక్కుంది. ఆ కోడి ఇప్పటికీ పిల్లిని చూస్తే కుర్ కుర్ అని తిడుతుంది. ఒక గింజని చీమల బారు మధ్యలో పెట్టింది. చీమలు దాన్ని చుట్టి వెళ్ళాయి. చూశావా, అవి కూడా ముట్టుకోవడం లేదు అనుకుంది. చీమలు గులకరాయిని కూడా అలాగే చుట్టి వెళ్తాయని అప్పుడు తట్టలేదు.

అప్పటినుంచి రోజూ బడికి వెళ్ళేటప్పుడు పెద్ద డబ్బాలోంచి రెండు గుప్పిళ్ళు తీసి సంచిలో వేసుకునేది. కార్ఖానా వెనక మురుగు కాలువలో పారబోసేది. రెండు గుప్పిళ్ళతో డబ్బా ఎప్పటికి ఖాళీ కావాలి? ఎక్కువ తీస్తే తెలిసిపోతుంది. పైగా గుప్పెడు పారబోసినప్పుడల్లా అమ్మమ్మ ముప్పయ్యేళ్ళు కాలువలో పడుతున్నట్టే ఉండేది.

పదోరోజున కాలువ గట్టు దగ్గర ఆగిపోయింది. జారిపోయిన గింజలు తడిమట్టిలో మొలిచాయి. నడుములు వంచుకుని, చిప్ప నెత్తిన పెట్టుకుని, పచ్చగా లేస్తున్నాయి. ఎవరో తన పేరు గోడ మీద రాసినట్టయింది. వంగి చేతికందినవి పీకింది. అంతలో కార్ఖానా గంట కొట్టారు. రాత్రి షిఫ్టు మనుషులు బయటికి వస్తున్నారు. మిగతావాటిని అలాగే వదిలి పరుగెత్తింది.

*

ఆదివారం అమ్మమ్మ కళ్ళద్దాల కాడ విరిగింది. బాగు చేయించుకు రావడానికి పిల్లి తోడు వెళ్ళింది. కొట్లో జనం ఉన్నారు, ఆలస్యమయింది. తిరిగి ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది.

పిల్లి ముక్కు గుమ్మం దాటింది. కాలు దాటలేదు.

తడిసిన మట్టిగోడ.

"రండి రండి, ఆకలి మీదుంటారు. ఇవాళ నేనే చేశాను. దుంపల పీడ వదిలింది" అంది తల్లి లోపల్నుంచి. "ఇది చూడు, రెండు గిన్నెలు లాగించింది."

ఉడుత గిన్నె అడుగు గోకుతోంది. నోట్లో ఇంకా ఏదో కటుక్కుమంటోంది. "అక్కా, గింజలు కటుకు కటుకు!" అని పళ్ళు చూపించింది.

పిల్లికి చెవుల్లో హోరు మొదలయింది. తల్లి ముందున్న పళ్ళెం చూసింది. సగం ఖాళీ. అమ్మమ్మ అప్పటికే కూర్చుని ఒకటి నోట్లో వేసుకుని, వెంటనే బయటికి తీసింది.

"ఇవి గింజలా, గోళీకాయలా? నా పళ్ళు పరీక్షలకే గాని, నీ వంటకి కాదమ్మా."

"గ్యాస్ అయిపోవచ్చింది, ఏం చెయ్యను? పులుసు అయినా తాగు."

అమ్మమ్మ గిన్నె ఎత్తింది. పిల్లి చెయ్యి దానంతట అదే లేచి గిన్నెని కొట్టింది. పులుసు నేలంతా పారింది.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అని అరిచింది తల్లి.

పిల్లి నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. గుడ్డ తెచ్చి నేల తుడిచింది. తుడుస్తున్నంతసేపూ చెల్లెలినే చూసింది. ఉడుత గెంతుతోంది, పాడుతోంది. బాగానే ఉంది. మందు కడిగితే పోయిందేమో. దేవుడా, పోయిందనుకో. ఇంకో గంట చూద్దాం. గంట గడిస్తే ఏమీ కానట్టే.

గంట గడవలేదు. ఉడుత గెంతడం మానేసి గోడకి ఆనుకుని కూర్చుంది. "అమ్మా, కడుపులో ఎవరో మెలి తిప్పుతున్నారు" అంది. తర్వాత వాంతి. గిన్నె తెచ్చేలోగా ఇంకొకటి. అయిదోదానికి ఏడవడానికి కూడా ఓపిక లేక, తడి గుడ్డలా తల్లి భుజం మీద వాలిపోయింది. తల్లి కూడా పొట్ట పట్టుకుని వంగుతోంది.

ఎదురింట్లో ఆసుపత్రి నర్సమ్మ ఉంటుంది. సెలవు రోజని తలకి రంగు పెట్టుకుని, పాత తువ్వాలు చుట్టుకుని ఉంది. అలాగే వచ్చింది. నాడి చూసింది, కనురెప్ప లాగి చూసింది.

"ఏం తిన్నది?"

"ఇంట్లో వండిందే. పొద్దున్నుంచీ ఎండలో గెంతింది."

"ఎండ దెబ్బయి ఉంటుంది. బయటికి పోవలసింది పోయింది. పడుకోనియ్యండి, లేపకండి. సాయంత్రం మళ్ళీ వచ్చి చూస్తాను." నర్సమ్మ లేచింది.

పడుకోనియ్యండి. లేపకండి. 'మనిషి కూడా లేవడు' అన్న మావయ్య మాట పిల్లి చెవిలో మోగింది. నర్సమ్మ ఒక చెప్పు తొడుక్కుంది. రెండోది తిరగబడి ఉంటే కాలితో సరి చేస్తోంది. ఆ రెండో చెప్పు కూడా కాలికి ఎక్కితే ఆమె వెళ్ళిపోతుంది. ఆమె వెళ్ళిపోతే ఇంక ఈ ఇంట్లో సంగతి తెలిసిన మనిషి తనొక్కతే.

"మందు తిన్నది!"

ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ తెలియలేదు. పిల్లికే తెలియలేదు. పక్కింటి కోడి దడుచుకుని గోడ దూకింది.

"మందు గింజలు. చిన్న డబ్బావి. మావయ్య మందు కలిపినవి. నేనే కలిపేశాను, వానలో, రెండూ కలిసిపోయాయి, చెప్పలేదు, అయిదింట్లో ఒకటి..." మూడు వారాల మాటలు తోసుకుంటూ వచ్చి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "దాన్ని పడుకోనియ్యకండి!"

తల్లి ముఖం పాలిపోయింది. చెయ్యి లేచింది. కాని ఆ చేతిలో ఉడుత ఉంది.

నర్సమ్మ చెప్పు వదిలేసి వచ్చింది. "ఏ మందు? ప్యాకెట్ ఉందా? పేరు చూడాలి, తొందరగా!"

"మందు లేదు" అంది అమ్మమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. అమ్మమ్మ గోడ పట్టుకుని లేచింది. మోకాలిని తిట్టుకుంటూ నీళ్ళు కాచే పొయ్యి వెనక్కి వెళ్ళింది. గోడలో ఒక ఇటుక లాగి, అందులోంచి ప్యాకెట్ తీసింది. పైన మసి పట్టింది. పుర్రె బొమ్మ నల్లబడింది. మూతి మీద కొట్టు వాళ్ళు కొట్టిన పిన్నులు రెండూ చెక్కుచెదరలేదు.

"నెలనెలా నేను పన్ను పెట్టి చూసే గింజకి విషం పూస్తానా? వాడి పోరు పడలేక కలిపానని చెప్పాను. నేను కలిపింది పొయ్యి బూడిద. జల్లించిన బూడిద, అంతే."

నర్సమ్మ ప్యాకెట్‌ని వెలుతురుకి పట్టుకుని నాలుగు పక్కలా తిప్పి చూసింది. పిన్నులు తడిమింది.

"విప్పలేదు" అంది నర్సమ్మ చివరికి. తల్లి వైపు తిరిగింది. "గింజలు ఎంతసేపు నానబెట్టావు?"

"పొద్దున... ఒక గంట."

"ఉడికిందెంతసేపు?"

"గ్యాస్ లేదని సన్నమంట మీద పెట్టాను. పైకి మెత్తబడినట్టే ఉన్నాయి..."

"మీ అమ్మని అడిగితే చెప్పేది కదమ్మా! ఎర్ర గింజ రాత్రంతా నానాలి, ఆ నీళ్ళు పారబోయాలి, కుతకుతా ఉడకాలి. సగం ఉడికిన గింజ పచ్చిదాని కంటే చెడ్డది. పెద్దవాళ్ళయితే తట్టుకుంటారు, ఇదేమో రెండు గిన్నెలు తిన్నది." ఉడుత నోరు తెరిచి చూసింది. "నాలుక ఎండిపోతోంది. ఎండ దెబ్బ అనుకుని నిద్రపుచ్చి పోయేదాన్ని. పద, నా స్కూటర్ ఎక్కు. డాక్టరుకి చూపిద్దాం. ఆ ప్యాకెట్ కూడా తీసుకో, ఆయన కూడా ఒకసారి చూస్తాడు."

తలకి చుట్టిన రంగు తువ్వాలుతోనే నర్సమ్మ స్కూటర్ నడిపింది. వెనక తల్లి, మధ్యలో ఉడుత. వీధి మలుపు తిరిగేదాకా పిల్లి చూసింది.

*

ఇంట్లో ఇద్దరే మిగిలారు. పిల్లి గోడ మూల కూర్చుంది. మందు కాదని తెలిసినా భయం కాళ్ళలోంచి దిగలేదు. మూడు వారాలు అలవాటు పడ్డ భయం, చుట్టంలా తిష్ఠ వేసింది.

అమ్మమ్మ చిన్న డబ్బా తెచ్చి మధ్యలో పెట్టింది.

"ఈ ముడి నాది కాదు" అంది. "నాది ఎడమచేతి ముడి. వాన పడ్డ మర్నాడే చూశాను."

పిల్లి తలెత్తింది. "మరి అడగలేదేం?"

"సరదాకి విప్పి చూసి ఉంటావులే, నువ్వే చెప్తావులే అనుకున్నాను. నువ్వేమో నేను అడుగుతానేమోనని వణికావు. భలే కలిశామే ఇద్దరం." అమ్మమ్మ నవ్వబోయి మానేసింది. "నాకు మాత్రం నోరుందా? కడుపున పుట్టినవాడికి 'నీ మందు నాకొద్దురా' అని చెప్పలేక ఇటుక వెనక దాచాను. ఆ ఒక్క మాట అనుంటే ఇవాళ నీ ప్రాణం ఇంత కొట్టుకునేది కాదు. వాడు రానీ, నేనే చెప్తాను. నువ్వు నా పక్కన నిలబడు, చాలు."

తర్వాత డబ్బా విప్పి గింజల్ని చేటలో పోసింది. కొత్త కాడ వేయించిన కళ్ళద్దాలతో, కిటికీ వెలుగులో, ఒక్కొక్కటే తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. ఇది పేలిక కట్టిన కాయదా, కట్టని కాయదా తేల్చలేకపోయింది. చేట కింద పెట్టింది. పోయినేడు పిండిని పట్టుకుని కూర్చున్నట్టే కూర్చుంది.

"అమ్మమ్మా, తిన్నవే కాదు. రోజూ రెండు గుప్పిళ్ళు కాలువలో కూడా పోశాను."

"కాలువలోనా!"

"కార్ఖానా వెనక. కొన్ని గట్టు మీద పడి మొలిచాయి. పీకేశాను. అన్నీ పీకలేదు."

అమ్మమ్మ ముందుకి వంగింది. "మొలిచాయా? వానకి తడిసిన గింజలే? ఎన్ని రోజులకి?"

"పది."

"కాడ ఎలా ఉంది? సన్నగానా, లావుగానా?"

"కొన్ని సన్నగా. కొన్ని... నా చిటికెన వేలంత."

"లావు కాడ వచ్చిందంటే అది నేను పేలిక కట్టిన కాయదే" అంది అమ్మమ్మ. అయిదు పళ్ళలో రెండు కనపడ్డాయి.

పొద్దు వాలుతుండగా స్కూటర్ వచ్చింది. ఉడుత తల్లి భుజం మీదనే ఉంది. ముఖం పీక్కుపోయింది గాని కళ్ళు తెరిచే ఉంది. "అక్కా, నాకు సూదేశారు. నేను సూదిని కొరకలేదు" అంది నీరసంగా. తల్లి పిల్లి ముందు ఆగింది. పిల్లి కళ్ళు మూసుకుని దెబ్బ కోసం చూసింది. తల్లి అరచెయ్యి నెత్తి మీద పడి, అక్కడే ఉండిపోయింది.

మర్నాడు బడికి పోయే ముందు పిల్లి, అమ్మమ్మ కలిసి కార్ఖానా వెనక్కి వెళ్ళారు. అమ్మమ్మ ఒక చేత్తో పిల్లి భుజం, ఇంకో చేత్తో గరిటె పట్టుకుంది. పిల్లి మట్టి నింపడానికి పాత డబ్బా తెచ్చింది. అది నిన్నటి చిన్న డబ్బాయే. గట్టు మీద పదకొండు మొలకలు మిగిలాయి. నాలుగు లావువి. అమ్మమ్మ వంగలేక దూరం నుంచి వేలు చూపిస్తుంటే పిల్లి వేళ్ళు పోనిచ్చి, వేరు తెగకుండా, ఒక్కొక్కటే లేపింది.

అంతలో కార్ఖానా గంట కొట్టారు. లోపలికి పోయే వాళ్ళు ఆగి చూశారు.

"ఏంటమ్మాయ్, మురుక్కాలువలో ఏం తవ్వుతున్నావు?" అని ఒకాయన అడిగాడు.

పిల్లి గుండె ఎప్పటిలా మోకాళ్ళలోకి జారింది. అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ ఎటో చూస్తోంది, వినపడనట్టు.

"మా విత్తనాలండీ" అంది పిల్లి. "నేనే పారబోశాను."